తొమె అంటే ఆపు

హినోసె
1976 మే 20

తొమె అత్తయ్యకు, మీ అన్నయ్య జింపాచి కూతురు రిత్సుకో రాస్తున్నది.

అత్తయ్యా, ఉత్తరం మొదట్లో వానల గురించీ పూల గురించీ నాలుగు మాటలు రాయాలని నాకూ తెలుసు. అవి రాస్తూ కూచుంటే అడగాల్సింది అడగకుండానే కాగితం అయిపోతుంది. అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను.

నాన్న పోయి నాలుగు నెలలు. మీరు రాలేదు, అగరొత్తుల పెట్టె పంపారు. వెలిగించాను. ఎందుకు రాలేదని ఊళ్ళో అందరూ నన్ను అడిగారు గానీ నేను మిమ్మల్ని అడగను. పరుపంత మందపు చాపలు కుట్టే నాన్న తాతామి కొట్టు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ఆడపిల్ల గడ్డి కుట్టడమేమిటని మొదట్లో మూతి తిప్పుకున్నవాళ్ళే ఇప్పుడు చాపల మీద తుంగ మార్పించుకోడానికి నా గడప తొక్కుతున్నారు.

కొట్టు గోడకి ఒక వెదురు బద్ద వేలాడుతోంది. పొడవు ఆరడుగుల మూడంగుళాలు. దాని మీద 'నది' అని ఒకే ఒక్క మాట ఉంది. నాన్న ఎవరింటికి చాప కుట్టినా ఆ బద్దతోనే కొలిచేవాడు. కొత్త అపార్ట్‌మెంట్లలో గదులు చిన్నవి, అక్కడికి అయిదడుగుల తొమ్మిదంగుళాల చాప చాలు. నాన్న కుట్టనంటే కుట్టనన్నాడు. "అది చాప కాదు, పీట" అని వచ్చినవాళ్ళని వచ్చినట్టే పంపేశాడు. ఆయన పోయాక నేను చిన్నవే కుడుతున్నాను. లోపల గడ్డి బదులు థర్మాకోల్ పలక పెడతాను. తేలిగ్గా ఉంటుంది, ఒక్కదాన్నే మోసుకుపోగలను.

నేను అడగాలనుకున్నది ఇదీ. మన వీధి పొడవునా ఏటి గట్టు మీద సిమెంటు స్తంభాలు ఉన్నాయి కదా. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీ, లోపలి వైపు గాడి. మొత్తం ముప్పై ఒక్క ఖాళీలు. నేను వాటి మీద తుంగ ఆరేస్తాను, చేపల కొట్టావిడ స్క్విడ్లు ఆరేస్తుంది. కసునె ఏరు పొంగితే ఆ ఖాళీల్లో ఇంటింటి చాపలూ నిలబెట్టి గోడ కట్టాలని వీధిలో అందరికీ తెలుసు. ఎలా నిలబెట్టాలో మాత్రం ఒక్కరికీ తెలియదు. ఆఖరిసారి పెట్టింది 1935లో. అప్పటి మగవాళ్ళు సగం మంది యుద్ధంలో పోయారు, మిగతావాళ్ళు ఊళ్ళు మారారు. ఉన్న ఒక్క ముసలాయన ఆ వారం పెళ్ళికి వేరే ఊరు వెళ్ళానంటాడు.

నిన్న బద్ద పట్టుకెళ్ళి ఒక ఖాళీలో పెట్టి చూశాను. గాడి నుంచి గాడికి అచ్చంగా సరిపోయింది. నేను కుడుతున్న చిన్న చాపలు అందులో అరడుగు తక్కువ పడతాయి.

సెప్టెంబరు తుపానుల లోపు ఆ గోడ పనిచేస్తుందో లేదో తేల్చుకోవాలని వరద దళం నాయకుడు కురామోతో గారు పట్టుబట్టారు. మాకు క్షవరం షాపు ఆయనే, వరద దళమూ ఆయనే. గోడ పనిచేయకపోతే మా వీధి ఇళ్ళన్నీ ఏట్లో ఉంటాయి. 1935లో మీకు పన్నెండేళ్ళు. మీరు కళ్ళారా చూశారు. ఎలా పెట్టారో చెప్పరూ?

మీ రిత్సుకో


కమెయిదో, తోక్యో
మే 29

రిత్సుకోకి,

వాతావరణం లేని ఉత్తరం నా జన్మలో ఇదే చూడ్డం. అన్నీ మీ నాన్న పోలికలే. ఇక్కడ మబ్బుగా ఉంది, బాయిలరు కట్టెలు చెమ్మగిల్లాయి, మీ మామయ్య దగ్గుతున్నాడు. ఉత్తరం మొదలుపెట్టడమంటే ఇలాగ.

మేం నడిపే స్నానాల ఇంట్లో గల్లా దగ్గర ఎత్తు పీట మీద కూచుని రాస్తున్నాను. మధ్యలో ఎవరైనా సబ్బు అడిగితే వాక్యం తెగుతుంది, సర్దుకో.

ఎందుకు రాలేదో అడగనని రాశావు. అడగనని రాయడమూ అడగడమే. చెబుతాను, విను. మా అమ్మకి నలుగురు ఆడపిల్లల తర్వాత మీ నాన్న పుట్టాడు. ఆ తర్వాత మళ్ళీ ఆడపిల్లనే, నేను. మా నాన్న ఇక చాలనుకుని నాకు తొమె అని పేరు పెట్టాడు. ఆపు, అని. కన్నవాళ్ళు పెట్టాల్సిన పేరేనా అది? నేను నోరు తెరిస్తే చాలు, మీ నాన్న "తొమె, తొమె" అని అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. అది వెక్కిరింత. పిలవాల్సొస్తే 'చెల్లీ' అనేవాడు, పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు.

పదకొండేళ్ళ కిందట మా అమ్మాయి ఫుమియె పెళ్ళయి అపార్ట్‌మెంటులో చేరింది. గది కొలతలు రాసి, మేనకోడలికి ఆరు చాపలు కుట్టి పంపమని అన్నయ్యని అడిగాను. పంపాడు. ఒక్కోటీ అరడుగు పొడవెక్కువ. ఒక్కటీ గదిలో పట్టలేదు. వియ్యపురాలు గుమ్మంలో నిలబడి "మీ పుట్టింటివాళ్ళకి కొలవడం రాదా?" అంది. ఉత్తరం ముక్క లేదు. ఒక చాప అడుగున మాత్రం నల్ల సిరాతో, చిన్నపిల్లలు రాసుకునే కానా అక్షరాల్లో, ఒకే మాట ఉంది. తొమె. ఆపు. అంటే ఇక అడగడం ఆపు అని. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని ఆపేశాను. అడగడమూ, రాయడమూ, రావడమూ.

ఆ గోడ గురించి నన్ను అడగకు. ఆ రోజు గుర్తుచేసుకోవడం నాకిష్టం లేదు.

ఆ బద్ద మీద 'నది' అన్నది సిరాతో రాసిందా, కాల్చిన మేకుతో గీసిందా? ఊరికే అడుగుతున్నాను.

తొమె


హినోసె
జూన్ 14

అత్తయ్యకు,

వాన. దాని తర్వాత వాన. ఇక విషయానికి వస్తాను.

కాల్చిన మేకుతో గీసిందే. మీకెలా తెలుసు?

మొన్న ఆదివారం వరద దళం గోడ కట్టి చూసింది. నిద్రపోయే చాప తడుపుకోడానికి ఏ ఇంటివాళ్ళు ఒప్పుకుంటారు? అందుకని నేనే గొప్పకి పోయి, కొట్టులో ఉన్న కొత్త చాపలు పది ఇచ్చాను. అరడుగు తక్కువైతే ఏమవుతుందిలే, పక్కన చెక్క ముక్క దూర్చుదామనుకున్నాను. ఏరు ఇంకా కిందనే ఉంది కాబట్టి ఫైరింజను పంపుతో ఏటి వైపు నుంచి నీళ్ళు కొట్టారు. చెక్క ముక్కలు మొదట ఊడాయి, చాపలు వెనక్కి పడ్డాయి, వాటిలో మూడు, వెనక్కి జారే నీళ్ళతో పాటు ఏట్లో పడ్డాయి. మునగవు కదా, లోపల థర్మాకోల్. పడవల్లాగా వరసగా వంతెన దాకా వెళ్ళాయి. వీధి వీధంతా గట్టు మీద నిలబడి చూసింది. చేపల కొట్టావిడ "రిత్సుకో చాపలు సముద్రం చూడబోతున్నాయే" అంది. నాకు నేల చీలితే బాగుండునని అనిపించింది.

నాన్న ఉంటే ఏమీ అనేవాడు కాదు. అదే ఇంకా బాధ.

అయితే ఒక కొత్త సంగతి బయటపడింది. పంపు నీళ్ళకి స్తంభాల మీద నాచు కొట్టుకుపోయి రాతలు కనిపించాయి. ప్రతి ఖాళీ పక్కనా ఒక మాట చెక్కి ఉంది. 'సోయా', 'గొడుగులు', 'చేపలు', 'తాతామి' అని, అప్పట్లో ఏ కొట్టు ఉంటే ఆ కొట్టు పేరు. ఎవరి ఖాళీ వాళ్ళదన్నమాట. మా 'తాతామి' పక్క ఖాళీ దగ్గర మాత్రం కానా అక్షరాల్లో 'తొమె' అని ఉంది. మీ పేరు ఇక్కడెందుకుందా అని ఒక్క క్షణం అనుకుని నవ్వొచ్చింది. కవరు మీద మీ పేరు చైనా అక్షరంతో రాస్తాం కదా, కానాలో ఉంటే 'ఆపు' అన్న మాటలాగే కనిపిస్తుంది. కురామోతో గారు గడ్డం గోక్కుని "ఆపు అంటే ఇక్కడితో గోడ ఆపాలని అర్థం. ఇక్కడిదాకానే కడదాం" అన్నారు. కానీ దాని అవతల ఇంకా నాలుగు ఖాళీలు ఉన్నాయి, అత్తయ్యా. అక్కడితో ఆపేస్తే ఆ నాలుగిట్లోంచి నీళ్ళు వీధిలోకి రావూ? నాకు ముడి వీడటం లేదు.

అక్కడ ఎందుకు ఆపాలి? మీకు తెలిసి ఉంటుంది. దయచేసి చెప్పండి.

రిత్సుకో


హినోసె
జూలై 2

అత్తయ్యకు,

పద్దెనిమిది రోజులు చూశాను. రోజూ పోస్టుమాన్ సైకిలు గంట వినగానే సూది వదిలేసి వాకిట్లోకి పరిగెత్తడం, అతను ఖాళీ చేతులు చూపించడం. నిన్న "మీ అత్తయ్యకి చేతులు పడిపోయాయా?" అన్నాడు.

కోపం నాన్న మీద. శిక్ష మాకా? ఈ వీధిలో మీరు ఎత్తుకుని ఆడించినవాళ్ళు కూడా ఉన్నారు.

మీరు చెప్పరని అర్థమైంది. ఇందాక బద్ద తీసి రంపంతో అరడుగు కోసేశాను. ఇప్పుడు దాని పొడవు అయిదడుగుల తొమ్మిది. చిన్న చాపలకి పనికొస్తుంది. కోసేటప్పుడు ఏమీ అనిపించలేదు. కోశాక ముక్క చేతిలోకి తీసుకుంటే 'నది' అన్న మాట దాని మీద ఉంది.

రిత్సుకో


కమెయిదో
జూలై 3

రిత్సుకోకి,

ఉక్కపోత. కాగితం విసనకర్రలు పంచే రాజకీయ నాయకులు అప్పుడే వీధిలో తిరుగుతున్నారు.

నీ జూన్ ఉత్తరం చదివి రెండు వారాలకు పైగా కలం పట్టుకోలేకపోయాను. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. అక్కడ ఆపడానికి లేదు, పిచ్చిపిల్లా. అది నా పేరు.

1935 ఆగస్టు. నాలుగు రోజుల వాన. గోడ ఎలా కట్టాలో మీ తాతయ్యకి తెలుసు, ఎందుకంటే స్తంభాల మధ్య దూరం నిర్ణయించింది తనే. కొట్టులో బద్ద తెచ్చి మేస్త్రీకిచ్చి, "నా చాప ఎంతో నీ ఖాళీ అంత" అన్నాడు. మేకు కాల్చి 'నది' అని గీసింది ఆ రోజే, మా ముందరే. అందుకే అడిగాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. చాప లోపల అంతా గడ్డి ఉండాలి. పొడిగా పెట్టకూడదు. ఏటి నీళ్ళలో ముందే బాగా నానబెట్టి, ఇద్దరు పట్టుకుని పైనుంచి గాడిలోకి దింపాలి. నానిన గడ్డి ఉబ్బుతుంది, ఉబ్బి గాడిని బిగించేస్తుంది. మొదట కాస్త కారుతుంది, కంగారు పడకూడదు. తుంగ అల్లిన వైపు వీధికి, మొరటు గడ్డి వైపు ఏటికి. ఇంకొక్కటి. ఏ ఇల్లయినా తాము పడుకునే చాపే ఇవ్వాలి. మూల గదిలో కుళ్ళిన చాప ఇస్తామంటే తాతయ్య ఒప్పుకోలేదు. "తను పడుకునేదాన్ని ఎవడైనా సరిగ్గా చూసుకుంటాడు" అన్నాడు.

మా పక్క ఇల్లు అప్పటికి పాడుబడి ఉంది, ఆ ఖాళీకి చాప లేదు. మా ఇంట్లో ఇంకో మంచి చాప నేను పడుకునేదే. ఇవ్వనని దాని మీద బోర్లా పడుకుని ఏడ్చాను. పన్నెండేళ్ళ దాన్ని, సిగ్గు లేకుండా ఏడ్చాను. మీ నాన్నకి పదిహేను. సిరా బుడ్డి తెచ్చి చాప అడుగున నా పేరు రాశాడు. "నీ పేరుంది కదే, ఎవరు తీసుకుంటారు? మళ్ళీ నీకే వస్తుంది" అన్నాడు. తర్వాత చాప తిప్పి చూపించి, "ఇది ఏటి వైపు ఉంటుంది. ఏరు చదివి ఆగిపోతుంది" అని నవ్వాడు. ఇద్దరమే మోసుకెళ్ళి దింపాం. ఏరు ఆగింది. నీళ్ళు తీశాక మేస్త్రీ స్తంభాల మీద అందరి పేర్లూ చెక్కుతుంటే, అక్కడ మీ నాన్నే చెప్పి నా పేరు చెక్కించాడు. చాప కుళ్ళిపోయింది, నాకు తిరిగి రాలేదు. "ఎప్పటికైనా మళ్ళీ కుట్టి ఇస్తాను" అనేవాడు. నేను మర్చిపోయాను.

ఇది రాస్తుంటే నాకేదో అనుమానంగా ఉంది. మళ్ళీ రాస్తాను.

తొమె


కమెయిదో
జూలై 8

రిత్సుకోకి,

నీ రంపం ఉత్తరం అందింది. నాది దానికి దారిలో ఎదురై ఉంటుంది. బద్ద నరికావా? నరికితే నరికావు. నేను అంతకన్నా పెద్దదే నరికాను, పుట్టింటికి రాకపోకలు.

బాయిలరు వెనక గదికి వెళ్ళాను. అయిదు చాపలు ఎప్పుడో బట్టలు మార్చుకునే గదిలో పరిచేశాం. ఆ మాట రాసినది మాత్రం గోడకి తిప్పి నిలబెట్టాను, పదకొండేళ్ళుగా అలాగే ఉంది. మీ మామయ్య టేపు పట్టుకున్నాడు. ఆరడుగుల మూడంగుళాలు. అంతా గడ్డే, ఎలుక కూడా ముట్టలేదు. రాత దగ్గరికి దీపం తెచ్చి చూశాను. మొదటి అక్షరం తోక పైకి విరిచి రాశాడు. చిన్నప్పుడు నా చాప మీద రాసినట్టే.

ఆపు అని కాదు, రిత్సుకో. నా చాప నాకు కుట్టి పంపాడు. కూతురికి కొలతలు రాసి అడిగితే, ఆ మొండిఘటం నది కొలతకే ఆరూ కుట్టి, ఒకదాని మీద నా పేరు రాశాడు. రెండు ముక్కలు ఉత్తరం రాసి చావచ్చుగా? రాయడు. మా అన్నయ్య రాయడు. పేరు పెట్టి ఎప్పుడూ పిలవనివాడు రాసిన పేరుని నేను తిట్టు అనుకుని, పదకొండేళ్ళు ముడుచుకు కూచున్నాను. మనిషి పోయాడు.

చాపని రేపు రైలు పార్సిల్లో పంపుతున్నాను. అది ఆ ఖాళీది.

తొమె


హినోసె
జూలై 30

అత్తయ్యకు,

ఎండ. చెట్ల మీద సికాడా పురుగుల గోల. మీ పద్ధతి నేర్చుకుంటున్నాను.

మీ రెండు ఉత్తరాలూ వీధిలో అందరికీ చదివి వినిపించాను, ఏడ్చిన భాగం తప్ప. అది చేపల కొట్టావిడకి మాత్రమే చదివాను. బద్ద రెండు ముక్కలూ కలిపి చాప దారంతో కట్టాను, ఇప్పుడు కొంచెం గూనితో వేలాడుతోంది.

నాన్న కుట్టిన పాత చాపలు ఇరవై రెండు ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. మిగతావాళ్ళు నావో, చెక్క నేలలో వేసుకున్నారు. కొత్తగా తొమ్మిది కుట్టాలి. గడ్డి దొరక్క చచ్చాను. ఇప్పుడు కోత యంత్రాలు గడ్డిని అక్కడికక్కడే ముక్కలు చేసేస్తున్నాయి, పొడుగు గడ్డి ఉన్న రైతు ఈ చుట్టుపక్కల ఇద్దరే. వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి తెచ్చి ఎనిమిది కుట్టాను. ముప్పై ఖాళీలు నిండుతాయి. మిగిలింది 'తొమె' ఒక్కటే.

మీ చాప ఇంకా రాలేదు. మూడు వారాలైంది. మీరు మనసు మార్చుకున్నారేమోనని మాత్రం నేను అనుకోవడం లేదు. అనుకోవడం లేదని రాయడమూ అనుకోవడమేనా? పోయినవాళ్ళు ఇంటికొచ్చే బోన్ పండగకి రండి, నాన్న పటం ముందు దీపం మీరే పెడుదురు గాని.

రిత్సుకో


కమెయిదో
ఆగస్టు 4

రిత్సుకోకి,

వాతావరణం మండిపోతోంది, నేనూ మండిపోతున్నాను. జూలై తొమ్మిదో తారీఖున నా చేత్తో పార్సిలు చేశాను. తుంగ పాడవకుండా ఆ వైపు గోనె చుట్టి, గడ్డి వైపు పైకి పెట్టి, దాని మీదే మీ స్టేషన్ పేరూ నీ పేరూ చీటీ అంటించాను. రసీదు ఇందులో పెడుతున్నాను. వెళ్ళి ఆ రైలు వాళ్ళని అడుగు. చేపల కొట్టావిడని వెంట తీసుకెళ్ళు, ఆవిడ నోటికి వాళ్ళు ఆగలేరు.

పండక్కి రాను. ఏ మొహం పెట్టుకుని రాను? అగరొత్తులు పంపుతున్నాను.

తొమె


హినోసె
ఆగస్టు 9

అత్తయ్యకు,

దొరికింది. వాతావరణం తర్వాత రాస్తాను.

జూలై పదకొండు నుంచీ మా స్టేషన్ గోదాములోనే ఉంది. ఇంటికి ఎందుకు పంపలేదని గోదాము గుమస్తాని అడిగాం. అతను మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. మీ చీటీ పక్కనే అంత పెద్ద అక్షరాలతో 'తొమె' అని ఉంది కదా. "స్టేషన్‌లోనే ఆపమని రాస్తే ఆపక ఏం చేస్తామమ్మా? మీరే వచ్చి తీసుకెళ్తారని రోజూ చూస్తున్నాను. తడవకుండా పైన అరలో పెట్టాను" అన్నాడు. చేపల కొట్టావిడ పోట్లాటకి బిగించిన పిడికిలి విప్పి అతనికి దణ్ణం పెట్టింది. తర్వాత దారంతా నవ్వుతూనే ఉంది, చాప ఒక కొన పట్టుకుని.

అది మా అత్తయ్య పేరండీ అని చెప్పాను. "అలాంటి పేరు పెట్టుకుని పార్సిళ్ళు పంపకూడదు" అన్నాడు.

ఎండగా ఉంది.

రిత్సుకో


హినోసె
సెప్టెంబరు 15

అత్తయ్యకు,

ఆకాశం కడిగినట్టుంది. మేమందరం క్షేమం. ముందు అది రాయాలి కదా.

పదకొండో తారీఖు తుపాను వచ్చింది. పన్నెండు పొద్దునే కురామోతో గారు గంట కొట్టారు. ఒక గడ్డం సగం గీసి వదిలేసి వచ్చారట, ఆ మనిషి సగం గడ్డంతోనే చాపలు మోశాడు. మీరు చెప్పిందంతా కాగితం మీద రాసి క్షవరం షాపు అద్దానికి అంటించి పెట్టాం. పడుకునే చాపలు అనేసరికి సోయా వాళ్ళింట్లో కొంచెం గొడవైంది, "తాతయ్య మాట" అని చదివి వినిపిస్తే ఊరుకున్నారు. రేవులో నానబెట్టి, ఇద్దరిద్దరు పట్టుకుని, మధ్యాహ్నానికల్లా ముప్పై దింపాం. నానిన చాప ఎంత బరువో. నాన్న నడుము ఎందుకలా వంగిపోయిందో ఆ రోజు తెలిసింది.

మీదాన్ని ఆఖర్న దింపాను. నేనూ ఆ గోదాము గుమస్తా కలిసి. అతను డ్యూటీ వదిలి ఎందుకొచ్చాడో నేను అడగలేదు.

ఒంటిగంటకి నీళ్ళు గట్టెక్కాయి. మొదట ప్రతి గాడిలోంచీ కారింది. వీధిలో పాదాలు తడిసేసరికి జనం గొణగడం మొదలుపెట్టారు, ఒకరిద్దరు మూటలు కట్టుకోడానికి లేచారు. మీరు కంగారు పడకూడదని రాశారు కాబట్టి పైకి పడలేదు. అరగంటకి గడ్డి ఉబ్బుతున్నట్టు కిర్రు కిర్రుమని సన్నటి చప్పుడు వినిపించింది, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా. కారడం ఒక్కొక్క చోటా ఆగిపోయింది. నాలుగింటికి ఏరు చాపల అంచుకి నాలుగు వేళ్ళ కిందకి వచ్చింది. అక్కడే రెండు గంటలు నిలబడింది. మేమందరం మన వైపు తుంగకి వీపులు ఆనించి కూచున్నాం, ఆవలి వైపు ఏరు ఉంది. తర్వాత తగ్గింది. ఒక్క ఇంట్లోకీ నీళ్ళు రాలేదు.

నాన్న చిన్న చాపలు ఎందుకు కుట్టనన్నాడో ఇప్పుడు వీధిలో అందరూ తమకి ముందే తెలుసంటున్నారు. నేను మాత్రం ఆయన పటం ముందు కూచుని తప్పు ఒప్పుకున్నాను. ఇక ఏటి వీధి ఇళ్ళకి ఆ కట్టిన బద్దతోనే కుడతాను. అపార్ట్‌మెంట్లకి చిన్నవి కుడతాను, అది కూడా ఆయనకి చెప్పాను.

చాపలన్నీ నిన్న పైకి లాగేశాం. ముప్పై వచ్చాయి. మీదొక్కటి రాలేదు. ఎంత లాగినా గాడిలోంచి కదలదు, అంత బిగిసింది. కొక్కేలు వేశాం, ఎనిమిది మంది పట్టారు. ఏటి వైపు దిగి చూశాను. సిరా చెక్కుచెదరలేదు. ఏటికి ఎదురుగా మీ పేరు అలాగే ఉంది.

కురామోతో గారు ఆదివారం రంపంతో కోసి తీద్దామంటున్నారు. నేను ఆగమన్నాను. ఇంతకుముందోసారి రంపం పట్టి బుద్ధి వచ్చింది. మీ చాప కదా, కోయమంటారా?

రిత్సుకో


కమెయిదో
సెప్టెంబరు 17, ఎక్స్‌ప్రెస్ డెలివరీ

రిత్సుకోకి,

కోయొద్దు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నేను వస్తున్నాను.

తంతి ఇద్దామని పోస్టాఫీసుకి వెళ్ళాను. "కోయొద్దు శనివారం వస్తున్నా తొమె" అని కానాలో రాసిచ్చాను. అక్కడి పిల్ల చదివి, "ఏది ఆపాలండీ, కోయడమా, రావడమా?" అని అడిగింది. నా పేరు తల్లీ అన్నాను. ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది, వెనక వరసలో వాళ్ళు చూస్తున్నా ఆగలేదు. తంతి మానేసి, కౌంటరు పక్కన కూచుని ఈ ఉత్తరం రాసేస్తున్నాను, ఇది నాకంటే ముందు చేరుతుంది.

మీ నాన్న పటం ముందు చెప్పడానికి నా దగ్గర పెద్ద మాటలేం లేవు. పేరు చదువుకున్నాను అన్నయ్యా అని చెబుతాను. ఆ చాపని అక్కడే వదిలేద్దాం, దానంతటది కుళ్ళి రాలేదాకా. తర్వాత నువ్వు ఇంకోటి కుట్టు, పేరు నేను రాస్తాను.

శనివారం రెండున్నర బండి. నువ్వు స్టేషన్‌కి రా. ఆ గుమస్తా నా పేరు విని నన్ను కూడా గోదాములో ఆపేస్తాడేమో, వచ్చి విడిపించుకుపో.

తొమె